సొంత తెలుగు పాటలున్న బ్యాండ్ హైదరాబాద్‌లో మొదట ఎక్కడ వాయించాలి?

నిజాంపేట కీబోర్డ్:

నమస్తే. మాది నలుగురి బ్యాండ్. నేను పాడుతూ కీబోర్డ్ వాయిస్తాను. గిటార్, బేస్ వాయించేవాళ్లు మా ఆఫీసు వాళ్లే. డ్రమ్స్ వాయించేది మా బాబాయి కొడుకు, బీటెక్ రెండో సంవత్సరం, వయసు పంతొమ్మిది. ఇప్పటిదాకా మా అపార్ట్‌మెంట్ వినాయక మండపంలో, ఆఫీసు యాన్యువల్ డేలో, తెలిసినవాళ్ల సంగీత్ ఫంక్షన్లలో వాయించాం. అక్కడ అందరూ సినిమా పాటలే అడిగారు, మేమూ సంతోషంగానే పాడాం.

కానీ మాకు ఇప్పుడు సొంత పాటలు ఏడు తయారయ్యాయి. అన్నీ తెలుగులోనే. మాది కొత్తగూడెం, నాన్న సింగరేణిలో చేసి రిటైరయ్యారు. నాన్న నైట్ షిఫ్ట్ చేసి వచ్చి పగలు పడుకుంటే, ఆ ఇంట్లో పిల్లలు చప్పుడు కాకుండా ఎలా ఆడుకుంటారో, దాని మీద ఒక పాట ఉంది. అది ఎవరైనా కుదురుగా కూర్చుని వినాలని నా కోరిక.

ఈ మధ్య జూబ్లీహిల్స్‌లో ఒక పబ్ నుంచి ఫోన్ వచ్చింది. శనివారం రాత్రి ఎనిమిదిన్నర నుంచి రెండు గంటలు. హిట్ పాటలే ఎక్కువ ఉండాలట, సొంతవి మధ్యలో ఒకటో రెండో పాడుకోవచ్చట. నలుగురికీ కలిపి పన్నెండు వేలు ఇస్తామన్నారు. మా గిటారిస్ట్ వెంటనే ఒప్పేసుకుందాం అంటున్నాడు. నాకు మనసు ఒప్పడం లేదు. ఈ ఊళ్లో మా లాంటివాళ్లు మొదట ఎక్కడ వాయిస్తే మంచిది? అమ్మ కూడా వచ్చి వినగలిగే చోటు ఉంటే ఇంకా మంచిది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.


వీకెండ్ శ్రోత:

ఒప్పుకోండి అనే అంటాను. జనం మధ్య వాయించే అలవాటు ఇంట్లో ప్రాక్టీస్ చేస్తే రాదు. చౌరస్తా, కాప్రిసియో లాంటి బ్యాండ్ల తర్వాత ఈ ఊళ్లో తెలుగు పాటని బ్యాండ్ పద్ధతిలో వినేవాళ్లు బాగానే పెరిగారు. హిట్ పాటలతో జనాన్ని దగ్గరకు తెచ్చుకుని, మధ్యలో మీది ఒకటి పెట్టండి. పన్నెండు వేలు తక్కువే, పదిహేను అడగండి.


మిక్సర్ వెనక:

నేను ఈ ఊళ్లో లైవ్ సౌండ్ చేస్తాను. కోఠి గుజరాతీ గల్లీలో యాంప్లిఫయర్లు రిపేర్ చేసే షాపులో పని నేర్చుకున్నాను. తర్వాత పెళ్లిళ్లు, పబ్బులు, కేఫ్‌లు, రవీంద్రభారతి, శిల్పకళా వేదిక, అన్ని చోట్లా మిక్సర్ ముందు నిలబడ్డాను. కొంచెం వివరంగా రాస్తాను, ఓపికతో చదవండి మేడమ్.

ఈ ఆఫర్ ఇప్పుడు వద్దనే నా మాట. పబ్బులు చెడ్డవని కాదు. మా ఇల్లు గడిచేది వాటి మీదే. బేగంపేటలో టెన్ డౌనింగ్ స్ట్రీట్‌లో, జీవీకే వన్‌లో ఉన్నప్పుడు హార్డ్ రాక్ కేఫ్‌లో లైవ్ బ్యాండ్లు విని సంగీతం మీద ప్రేమ పెంచుకున్నవాళ్లు నాకు ఎంతోమంది తెలుసు. కానీ శనివారం రాత్రి పబ్‌కి వచ్చినవాళ్లు పుట్టినరోజుకో, ఆఫీసు టీమ్‌తోనో వస్తారు. వారమంతా పని చేసి, కబుర్లు చెప్పుకోవడానికి డబ్బులిచ్చి కూర్చుంటారు. వాళ్లకి తెలిసిన పాట వస్తే కలిసి పాడతారు, తెలియని పాట వస్తే మళ్లీ కబుర్లలో పడతారు. అందులో వాళ్ల తప్పేం లేదు. కానీ మీరు వెళ్తున్నది తెలియని పాటతో.

ఒక బ్యాండ్ గుర్తొస్తోంది. ముగ్గురు కుర్రాళ్లు, చక్కగా వాయించేవాళ్లు. నాలుగు హిట్ పాటల తర్వాత సొంత పాట మొదలుపెట్టారు. మేనేజర్ నా దగ్గరకొచ్చి, దీనికి వాల్యూమ్ తగ్గించి తర్వాతి పాటకి మళ్లీ పెంచమన్నాడు. స్టేజీ మీద ఉన్నవాళ్లకి అది వెంటనే తెలిసిపోతుంది. గొంతులో ధైర్యం పోతుంది. ఆ పల్లవి నాకు ఇప్పటికీ వచ్చు, అంత బాగుంటుంది. తర్వాత చాలా చోట్ల వాళ్లకి సౌండ్ చేశాను, ఆ పాట మాత్రం మళ్లీ పాడలేదు. మీ ఇంటి పాటకి అలా జరగకూడదు. అందుకే ఇంత రాస్తున్నాను.

ఇక టైమ్. ఎనిమిదిన్నర అంటారు గానీ, టేబుళ్లు నిండేదాకా ఆగమంటారు. మీరు మొదలుపెట్టేసరికి తొమ్మిదింపావు అవుతుంది. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగ ప్రదేశాల్లో లౌడ్‌స్పీకర్ వాడకూడదు. మూసి ఉన్న హాళ్లకి లోపల వినిపించేంత వరకు మినహాయింపు ఉంది. రాత్రిపూట నివాస ప్రాంతంలో 45 డెసిబెల్స్, వాణిజ్య ప్రాంతంలో 55 దాటకూడదని లెక్క. డ్రమ్ కిట్ గట్టిగా కొడితే పక్కన నిలబడినవాళ్లకి 100 దాటుతుంది. 2022 సెప్టెంబరులో హైకోర్టు పబ్బుల్లో రాత్రి పది తర్వాత మ్యూజిక్ వద్దని ఆదేశించాక, తర్వాత దాని పరిధి తగ్గినా, జూబ్లీహిల్స్‌లో మేనేజర్లు పది కొట్టేసరికి నా వైపే చూస్తుంటారు. అంటే మీ రెండు గంటలు ముప్పావు గంట అవుతుంది. అందులో కోసేసేది సొంత పాటలనే.

మీ తమ్ముడి సంగతి. తెలంగాణలో మద్యానికి వయసు 21. చాలా పబ్బులు గుమ్మం దగ్గరే ఐడీ చూస్తాయి. ఆ అబ్బాయి వయసు ముందే చెప్పండి. చెప్పకుండా వెళ్లి, ఆ రాత్రి డ్రమ్మర్ లేకుండా స్టేజీ ఎక్కే పరిస్థితి తెచ్చుకోవద్దు.

మరి ఎక్కడ అంటే, నా ఓటు మొదట బంజారాహిల్స్‌లో లామకాన్ అనే సాంస్కృతిక వేదికకి. 2010 నుంచి నడుస్తోంది. మద్యం ఉండదు. చాయ్, సమోసా తీసుకుని ఆరుబయట కూర్చుంటారు. నాటకం, కవిత్వం, ఖవ్వాలీ, ఏదో ఒకటి విందామనే వస్తారు. అక్కడ నేను మైక్ పెట్టిన రాత్రుల్లో, పాట అయ్యాక చప్పట్లకు ముందు ఒక్క క్షణం ఎవరూ కదలకపోవడం చూశాను. పబ్‌లో అది దొరకదు. పైగా ఓపెన్ స్థలం కాబట్టి పది లోపు అయిపోవాలని అందరికీ తెలుసు, టైమ్‌కి మొదలవుతుంది. అమ్మగారిని తీసుకురండి. మీ వైపు నుంచి మెట్రో ఎర్ర లైన్‌లో ఎర్రమంజిల్‌లో దిగితే అక్కణ్నుంచి ఆటోలో దగ్గరే.

రెండోది, లైవ్ మ్యూజిక్ పెట్టే కాఫీ షాపులు. జూబ్లీహిల్స్, కొండాపూర్, గచ్చిబౌలి వైపు ఇవి మారుతూ ఉంటాయి, ఒకటి మూస్తే ఇంకొకటి తెరుస్తారు. అందుకే పేర్ల కన్నా ఎలా చూడాలో చెప్తాను. మీరు వాయించని రోజు వెళ్లి కూర్చోండి. స్టేజీ గుమ్మం పక్కన ఉందా, దూరంగా ఉందా? కాఫీ మెషీన్ ఎక్కడుంది? అది పాలు కాచే చప్పుడు మెల్లటి పాటని మింగేస్తుంది. ఆ రోజు పాడేవాళ్లు మాట్లాడుతుంటే జనం తల తిప్పుతున్నారా? ఇవి చూస్తే మీకే అర్థమవుతుంది.

ఇంకొకటి మీ చేతిలోనే ఉంది. జూబ్లీహిల్స్ ఏరియాలో పూర్తి డ్రమ్ కిట్ ఆశ పెట్టుకోవద్దు. కహోన్ తీసుకోండి, అంటే మీద కూర్చుని చేతులతో వాయించే చెక్కపెట్టె, లేదంటే కర్రల బదులు బ్రష్‌లతో వాయించమనండి. నిజానికి పగలు చప్పుడు కాకుండా ఆడుకునే పిల్లల పాటకి డ్రమ్స్ ఎందుకు మేడమ్? వేళ్లతో కహోన్ అంచు మీద తడితే చాలు. గది తనంతట తానే నిశ్శబ్దమవుతుంది.


నిజాంపేట కీబోర్డ్:

ఇంత ఓపికగా రాసినందుకు చాలా థ్యాంక్స్ అన్నా. వాల్యూమ్ తగ్గించమన్న సంగతి చదివి మా గిటారిస్ట్ కూడా ఆలోచనలో పడ్డాడు. కహోన్ ఐడియా తమ్ముడికి నచ్చింది, ఆ పాట నిన్న అలాగే వాయించి చూశాం.

రెండు సందేహాలు. సినిమా పాటలు కూడా కొన్ని పాడితే లైసెన్స్ మేం కట్టాలా? రెండోది, పబ్‌లో డ్రమ్స్ వద్దంటారు, అదే పబ్‌లో పదింటికి ముందు డీజే అంత గట్టిగా పెడతాడు. మా డ్రమ్స్ కన్నా అది ఎక్కువ కాదా?


జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 36 నివాసి:

అమ్మా, నేను రిటైర్డ్ ఉద్యోగిని, వయసు డెబ్భై దాటింది. మీ రెండో ప్రశ్నకి మా ఇల్లే జవాబు. మా వీధి చివర పబ్ ఉంది. అక్కడ ఎవరు పాడారో, ఏ పాట పాడారో మాకు తెలియదు. గొంతు మా దాకా రాదు. వచ్చేదల్లా దబ్ దబ్ అనే ఆ లోతైన బేస్ శబ్దమే. పరుపులోంచి వస్తుంది. కిటికీ అద్దాలు సన్నగా వణుకుతాయి. మా ఆవిడకి గుండె ఆపరేషన్ అయిన నెలలో నేను ఎన్ని రాత్రులు 100కి ఫోన్ చేశానో. కాలనీ వాళ్లు కోర్టుకు వెళ్లారంటే సంగీతం మీద కోపంతో కాదు. మేం కూడా ఘంటసాల పాటల కోసం వర్షంలో నడిచి వెళ్లినవాళ్లమే. రాత్రి నిద్ర మాత్రం మాకు కావాలి.

మీరు సాయంత్రం పెట్టుకుని, పదిలోపు ముగించే చోట పాడండి. లామకాన్‌లో పెడితే తేదీ ఇక్కడ రాయండి. మేమిద్దరం వస్తాం.


మిక్సర్ వెనక:

పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం. దానికి కారణం కూడా ఉంది. గొంతు, గిటార్ లాంటి పై శబ్దాలని గోడ, తలుపు చాలావరకు ఆపేస్తాయి. డీజే వాడే సబ్‌వూఫర్‌లో, అంటే బేస్ శబ్దాల కోసం పెట్టే పెద్ద స్పీకర్‌లో, 50 హెర్ట్జ్ దగ్గర శబ్ద తరంగం పొడవు దాదాపు 7 మీటర్లు. గోడకి అంటించే అంగుళం మందం ఫోమ్ దాన్ని ఏమీ చేయలేదు. ఆ ఫోమ్ గది లోపలి ప్రతిధ్వని తగ్గించడానికే పనికొస్తుంది, బయటికి వెళ్లే బేస్‌ని ఆపడానికి కాదు. బేస్ ఆగాలంటే బరువైన గోడలు, రెండు తలుపుల మధ్య ఖాళీ, స్లాబ్‌కి తగలకుండా వేసిన స్టేజీ కావాలి. అద్దె బిల్డింగ్ టెర్రస్ మీద రేకులు వేసి నడిపేచోట ఇవేవీ ఉండవు. ఓనర్లు లైట్లకి పెట్టే ఖర్చులో సగం గోడలకి పెడితే ఈ గొడవలో చాలా భాగం ఉండేది కాదు. ఈ మాట నేను వాళ్ల ముందూ అంటాను.

మేడమ్, మీరు అడిగింది సరైన ప్రశ్నే. డీజే ఎక్కువే. కానీ డీజే శబ్దాన్ని నేను మిక్సర్ మీద ఫేడర్ అనే ఒక్క మీటతో తగ్గించగలను. సిస్టమ్‌లో లిమిటర్ పెడితే శబ్దం మనం పెట్టిన గీత దాటదు. డ్రమ్ కిట్‌కి ఫేడర్ లేదు. వాయించేవాడి చెయ్యే వాల్యూమ్. అందుకే మేనేజర్లు కిట్ అంటే భయపడతారు.

లైసెన్స్ గురించి. సినిమా పాటని స్టేజీ మీద వాయిస్తే సాహిత్యం, స్వరాల హక్కుల కోసం ఆ హక్కులు చూసే ఐపీఆర్‌ఎస్ అనే సంఘం లైసెన్స్ ఉండాలి. రికార్డింగ్ ప్లే చేస్తే దాని హక్కుదారులైన పీపీఎల్ లాంటివాళ్ల లైసెన్స్ కూడా కావాలి. మామూలుగా వీటిని వేదిక వాళ్లో, ప్రోగ్రాం పెట్టేవాళ్లో తీసుకుంటారు. ఒప్పుకునే ముందు మీ దగ్గర ఉందా అని ఒక మెసేజ్‌లో అడిగి, జవాబు దాచుకోండి. మీ సొంత పాటలు మీవే కాబట్టి వాటికి ఎవరి దగ్గరా అనుమతి అక్కర్లేదు. ఇంకో మాట, పాట రాసినవాళ్లు, బాణీ కట్టినవాళ్లు ఐపీఆర్‌ఎస్‌లో సభ్యులుగా చేరవచ్చు. రేపు మీ పాట ఎవరైనా వాడితే దాని రాయల్టీ అక్కడి నుంచి వస్తుంది. మీ ఏడు పాటలకీ ఎవరు రాశారు, ఎవరు బాణీ కట్టారు అన్నది ఇప్పుడే నలుగురూ కూర్చుని కాగితం మీద పెట్టుకోండి. స్నేహంగా ఉన్నప్పుడే ఇది సులువు.


చిక్కడపల్లి తబలా:

నేను లైట్ మ్యూజిక్ ఆర్కెస్ట్రాల్లో తబలా, ప్యాడ్ వాయిస్తాను. మా చిక్కడపల్లి త్యాగరాయ గానసభ హాలు మాట ఎవరూ ఎత్తలేదు, అందుకే రాస్తున్నా. అక్కడి శ్రోతలకి వినడం వచ్చు. సాయంత్రం వచ్చి ముందు వరసలో కూర్చుంటారు, చరణంలో ఒక గమకం బాగా పడితే అక్కడికక్కడే భళా అంటారు. అయితే వాళ్లలో పెద్దవాళ్లే ఎక్కువ, పాత పాట కోసం వస్తారు. కొత్త పాట పాడాలంటే ముందు రెండు మాటలు చెప్పండి, ఈ పాట ఎందుకు పుట్టిందో. సింగరేణి, నైట్ షిఫ్ట్ అంటే చాలు, సగం హాలు మీ వైపు తిరుగుతుంది. అక్కడ కూర్చునేవాళ్లలో షిఫ్టులు చేసి రిటైరయినవాళ్లు తక్కువేం కాదు. చిక్కడపల్లిలో మెట్రో కూడా ఉంది.

మీరు కుర్రవాళ్లు, కేఫ్‌ల్లోనే వాయించాలని ఉంటుంది. కాదనను. కానీ మీ అమ్మగారు వచ్చి కూర్చునే చోటు అడిగారు కదా.


వీకెండ్ శ్రోత:

చదివాక నాకూ లామకానే సరైందనిపిస్తోంది. కానీ డబ్బు సంగతి ఎవరూ చెప్పలేదు. పబ్ పన్నెండు వేలు ఇస్తానంది. లామకాన్‌లో ఎంతొస్తుంది? క్యాబ్ ఖర్చులకైనా రావాలి కదా.


మిక్సర్ వెనక:

బ్రదర్, సూటిగా చెప్తాను. మొదటిసారి ఏమీ మిగలకపోవచ్చు. ఉద్యోగాలున్నాయి కాబట్టి వీళ్లు ఆ ఒక్క సాయంత్రం తట్టుకోగలరు. సంగీతమే బతుకుదెరువైన కుర్రాడు అడిగితే పబ్‌కి వెళ్లమనే చెప్పేవాణ్ని, పాత బాకీ లేకుండా అదే రాత్రి డబ్బు తీసుకోమని కూడా చెప్పేవాణ్ని. వీళ్లకి ఇప్పుడు కావాల్సింది ఏడు పాటలూ మొదటి నుంచి చివరి దాకా విన్న ఓ అరవై మంది. ఆ అరవై మందిలో పదిమంది రెండోసారి తమ ఫ్రెండ్స్‌ని తీసుకొస్తారు. అప్పుడు చిన్న టికెట్ పెట్టుకోవచ్చు. అప్పుడు పబ్ వాడి దగ్గరికి వెళ్లినా, మాకు ఇంతమంది వస్తారు, మంగళవారం ఇవ్వండి, మా పాటలే పాడతాం అని అడగవచ్చు. వారం మధ్యలో ఖాళీ టేబుళ్లున్న రోజు ఏ మేనేజరైనా ఆ మాట వింటాడు. నేను అలా మాట్లాడి పెట్టినవి ఉన్నాయి, బాగా నడిచాయి.


నిజాంపేట కీబోర్డ్:

పబ్ వాళ్లకి ఫోన్ చేసి తమ్ముడి వయసు చెప్పాను. వేరే డ్రమ్మర్‌ని పెట్టుకుని రమ్మన్నారు. అది కుదరదని చెప్పేశాను. లామకాన్‌లో తేదీ కోసం అడిగాం. జూబ్లీహిల్స్ అంకుల్, తేదీ ఖాయమవగానే ఇక్కడే రాస్తాను, ఆంటీని తప్పకుండా తీసుకురండి.

మిక్సర్ అన్నా, ఒక చివరి సాయం. అక్కడికి వెళ్లేటప్పుడు మా దగ్గర ఏమేం ఉండాలి? ప్రాక్టీస్‌లో కీబోర్డ్‌ని ల్యాప్‌టాప్‌కి కలిపితే స్పీకర్లలో గుయ్‌మని హమ్ వస్తోంది. స్టేజీ మీద అలా వస్తే ఏం చేయాలి?


మిక్సర్ వెనక:

ముందు ఒక కాగితం. దాన్ని ఇన్‌పుట్ లిస్ట్ అంటాం. మీకు ఏడు ఛానళ్లు సరిపోతాయి: మీ మైక్, ఇంకొకరి మైక్, కీబోర్డ్ ఎడమ, కుడి, బేస్, గిటార్, కహోన్. ఎవరు ఎక్కడ నిలబడతారో కింద చిన్న బొమ్మ గీయండి. రెండు రోజుల ముందే సౌండ్ చేసేవాళ్లకి పంపండి. అది చూడగానే మీరు పని తెలిసినవాళ్లని వాళ్లకి నమ్మకం కుదురుతుంది, ఆ సాయంత్రమంతా మీతో ఇంకో రకంగా ఉంటారు.

సౌండ్ చెక్‌లో పెద్ద హుషారు పాట వాయించకండి. అన్నిటికన్నా మెల్లటి పాట వాయించండి. అది స్పష్టంగా వినిపిస్తే మిగతావన్నీ కుదురుతాయి. మానిటర్, అంటే స్టేజీ మీద ఉన్నవాళ్లకి వాళ్ల శబ్దం వినిపించే స్పీకర్, ఒక్కటే ఇస్తే అది పాడేవాళ్లకే, అంటే మీకే. ఎస్‌ఎం58 లాంటి మైక్ వెనక వైపు నుంచి శబ్దం తక్కువగా తీసుకుంటుంది. కాబట్టి మానిటర్ మైక్ తోకకి ఎదురుగా ఉండాలి, పక్కన పెడితే కూత వస్తుంది. మైక్ తలని గుప్పిట్లో మూసి పట్టుకున్నా అంతే.

హమ్‌కి కారణం చాలాసార్లు ల్యాప్‌టాప్ ఛార్జరే. ఛార్జర్ పీకి బ్యాటరీ మీద నడిపి చూడండి. పోతే దోషం అక్కడే. స్టేజీ మీద కీబోర్డ్‌ని, ల్యాప్‌టాప్‌ని ఒకే ప్లగ్ బోర్డుకి పెట్టండి, కీబోర్డ్‌ని మిక్సర్‌కి కలిపే డీఐ బాక్స్ అనే డబ్బా మీద గ్రౌండ్ లిఫ్ట్ అని చిన్న స్విచ్ ఉంటుంది, అది నొక్కమని అడగండి. కొందరు ప్లగ్‌లో ఎర్త్ పిన్ తీసేసి హమ్ పోయిందంటారు. ఎవరు చెప్పినా ఆ పని మాత్రం చేయనివ్వకండి. లామకాన్ లాంటి ఆరుబయట చోట నేల తడిగా ఉండొచ్చు, మైక్ పెదవికి తగులుతుంటుంది, షాక్ కొడితే ప్రాణం మీదకొస్తుంది. ఎర్త్ మీద అనుమానం ఉంటే టెస్టర్‌తో చూసేదాకా మైక్ పట్టుకోకండి. తేదీ తెలిశాక నాకు మెసేజ్ పెట్టండి. ఆ రోజు పెళ్లి బుకింగ్ లేకపోతే సౌండ్ నేనే చేస్తాను.